బడి పుస్తకంలో ఆ క్యూఆర్ కోడ్ దేనికి? స్క్రీన్ వస్తే చదువు మారుతుందా? తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలివే..

పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు, గోడ మీద టచ్ స్క్రీన్లు, చేతిలో ట్యాబ్‌లు.. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడులు పదేళ్ల కిందటిలా లేవు. కానీ వీటితో పిల్లలకు చదువు ఎంత వస్తోంది? ఎక్కడ పనిచేస్తోంది, ఎక్కడ పనిచేయడం లేదు? పూర్తి వివరాలు ఇవీ..

పుస్తకం తెరిస్తే పాఠం మొదట్లోనే నలుపు, తెలుపు గళ్లతో ఒక చిన్న చతురస్రం కనిపిస్తుంది. చాలా ఇళ్లలో దాన్ని ఒక్కసారి కూడా స్కాన్ చేసి ఉండరు. అసలు అది ఎందుకుందో చెప్పేవాళ్లూ తక్కువే. బడి చదువులో వస్తున్న పెద్ద మార్పు మాత్రం ఆ చిన్న డబ్బా నుంచే మొదలవుతుంది.

బడిలో స్క్రీన్ కొత్తేం కాదు

పిల్లలకు తెర మీద పాఠం చెప్పడం ఈ మధ్య పుట్టిన ఆలోచన అనుకుంటే పొరపాటే. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు మన దేశంలో 'సైట్' అనే ప్రయోగం జరిగింది. నాసా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు పంపించారు. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పొద్దున బడి పిల్లల కోసం, సాయంత్రం ఊరందరి కోసం కార్యక్రమాలు వచ్చేవి.

కరోనా టైంలోనూ అదే దారి పట్టాల్సి వచ్చింది. బడులు మూతపడటంతో తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఏపీలో దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు ప్రసారం చేశారు. కేంద్రం 'పీఎం ఈ-విద్య' కింద ఒక్కో తరగతికి ఒక్కో ఛానెల్ చొప్పున 12 ఛానెళ్లు తెచ్చింది. వాటిని 200కు పెంచుతామని 2022 బడ్జెట్‌లో ప్రకటించింది.

అయితే టీవీ పాఠానికి ఒక ఇబ్బంది ఉంది. అది అందరికీ ఒకే వేగంతో వెళ్లిపోతుంది. మధ్యలో అర్థం కాకపోతే ఆపమని అడగలేం. పిల్లాడికి ఎక్కడ తెలియలేదో టీవీకి తెలియదు. ఆ తర్వాత వచ్చిన టెక్నాలజీ అంతా ఈ లోటును తీర్చే ప్రయత్నమే.

క్యూఆర్ కోడ్ ఎలా పనిచేస్తుంది?

2017 సెప్టెంబర్ 5న, టీచర్స్ డే రోజు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు 'దీక్ష' అనే వేదికను ప్రారంభించారు. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు దీనికే కనెక్ట్ అవుతాయి. ఫోన్‌లో దీక్ష యాప్ వేసుకుని కోడ్ స్కాన్ చేస్తే, ఆ పాఠానికి సంబంధించిన వీడియో, అభ్యాసాలు, అదనపు సమాచారం తెరుచుకుంటాయి. స్కాన్ అవ్వకపోయినా పర్వాలేదు. కోడ్ దగ్గరే అచ్చయిన ఆరు అక్షరాలు, అంకెలను యాప్‌లో టైప్ చేసినా అదే పాఠం వస్తుంది. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత నెట్ లేకుండానే చూసుకోవచ్చు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. పుస్తకం అచ్చయ్యాక అందులోని తప్పును దిద్దాలంటే మళ్లీ అచ్చు వేయాల్సిందే. కోడ్ వెనుక ఉన్న పాఠాన్ని మాత్రం ఎప్పుడైనా మార్చవచ్చు, కొత్తవి చేర్చవచ్చు. అంటే కాగితం మీది పుస్తకం అలాగే ఉంటుంది, దాని వెనక ఇంకో పుస్తకం పెరుగుతూ ఉంటుంది.

ఏపీలో పుస్తకం రూపు ఇంకోలా కూడా మారింది. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లిష్‌లో ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. తెలంగాణ కూడా ఈ పద్ధతిని తీసుకొచ్చింది. ఇంగ్లిష్ మీడియంలోకి మారిన పిల్లలకు ఒక మాట అర్థం కాకపోతే పక్క పేజీలో చూసుకునే వీలుంటుంది. ఇందులో కరెంటు అక్కర్లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు. చదువుకు పనికొచ్చే మార్పు ప్రతిసారీ డిజిటల్‌గానే ఉండాలని లేదనడానికి ఇదే ఉదాహరణ.

నల్లబల్ల పోయి టచ్ ప్యానెల్

ఏపీలో 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ జగన్ 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించారు. తొలి విడతలో విద్యార్థులు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. మరుసటి ఏడాది 8వ తరగతిలోకి వచ్చినవాళ్లకు రెండో విడత అందాయి. హైస్కూళ్లలో టచ్ ప్యానెళ్లు, ప్రాథమిక బడుల్లో స్మార్ట్ టీవీలు బిగించారు. తెలంగాణలో 2022లో మొదలైన 'మన ఊరు-మన బడి'లోనూ డిజిటల్ వసతులు ఒక భాగం.

ఈ ప్యానెల్ ఒక పెద్ద ట్యాబ్ లాంటిదే. టీచర్ దాని మీద రాయొచ్చు, చెరపొచ్చు, బొమ్మను తిప్పి చూపించొచ్చు. గుండెలో రక్తం ఏ గది నుంచి ఏ గదికి వెళ్తుందో, గ్రహణం ఎలా పడుతుందో నల్లబల్ల మీద సుద్దముక్కతో చెప్పడం కష్టం. కదిలే బొమ్మతో నిమిషంలో అర్థమవుతుంది. ల్యాబ్ లేని స్కూల్లో కరెంటు సర్క్యూట్ ప్రయోగాన్ని తెర మీద చేసి చూడొచ్చు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం తయారుచేసిన 'ఫెట్' సిమ్యులేషన్లు ఇలాంటివే. అవి ఉచితం, వాటిలో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి.

అయితే అన్ని పాఠాలకూ తెర అక్కర్లేదు. భాగహారం రావాలంటే పిల్లాడు నోట్‌బుక్‌లో పది లెక్కలు చేయాల్సిందే. ఎవరో చేస్తుంటే చూసినంత మాత్రాన లెక్క రాదు. ఈత వీడియో చూసి చెరువులో దిగితే ఏమవుతుందో, ఇదీ అంతే.

చూపించడం వేరు, పట్టుకోవడం వేరు

స్క్రీన్‌తో నిజంగా చదువు మెరుగవుతుందా అన్న ప్రశ్నకు ప్రపంచంలో రెండు రకాల జవాబులూ ఉన్నాయి.

దక్షిణ అమెరికాలోని పెరూ ప్రభుత్వం పిల్లలకు భారీగా ల్యాప్‌టాప్‌లు పంచింది. తర్వాత పరిశోధకులు పరీక్షించి చూస్తే గణితంలో, భాషలో మార్కులు పెరిగినట్టు తేలలేదు. యంత్రం ఇచ్చారు గానీ, దాంతో ఏం నేర్పాలన్నది సరిగా కుదరలేదు.

ఢిల్లీలో మాత్రం వేరే ఫలితం వచ్చింది. 2015లో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం అక్కడ ఒక అధ్యయనం చేసింది. 6 నుంచి 9 తరగతుల పిల్లలు బడి అయ్యాక ఒక సెంటర్‌కు వచ్చి, సగం సేపు కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మీద, సగం సేపు చిన్న గుంపుగా ఒక బోధకుడి దగ్గర నేర్చుకున్నారు. నాలుగున్నర నెలల్లోనే మిగతా పిల్లలతో పోలిస్తే వీళ్లు గణితంలో, హిందీలో బాగా ముందుకెళ్లారు.

తేడా ఎక్కడొచ్చింది? ఆ సాఫ్ట్‌వేర్ ముందు ఒక పరీక్ష పెట్టి, పిల్లాడు ఏ స్థాయిలో ఉన్నాడో కనిపెట్టింది. 6వ తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని తేలింది. 9వ తరగతికి వచ్చేసరికి ఆ అంతరం నాలుగున్నర తరగతులు. క్లాసులో టీచర్ 9వ తరగతి పాఠం చెబుతుంటే, ఆ పిల్లాడు ఇంకా 4, 5 తరగతుల దగ్గరే ఆగిపోయి ఉన్నాడన్నమాట. సాఫ్ట్‌వేర్ అతడు ఆగిన చోటు నుంచే మొదలుపెట్టింది.

అసలు కీలకం ఇదే. అందరికీ ఒకే వీడియో చూపిస్తే, వెనకబడిన పిల్లలు తెర ముందూ వెనకబడే ఉంటారు. ఎక్కడ ఆగాడో పట్టుకుని అక్కడి నుంచి నేర్పితేనే డబ్బు పెట్టినందుకు ఫలితం. ఏపీ ప్రభుత్వ స్కూళ్లలో ఈ తరహా విధానాన్ని అమలు చేశారు. తెలంగాణలో కూడా 2025లో చదవడం, లెక్కల్లో వెనకబడిన ప్రాథమిక తరగతుల పిల్లల కోసం కొన్ని బడుల్లో ఏఐ సాయంతో బోధన మొదలుపెట్టారు.

మరి పుస్తకం పక్కన పెట్టేయొచ్చా?

పెట్టకూడదనే పరిశోధనలు చెబుతున్నాయి. 2000 నుంచి 2017 వరకు జరిగిన 54 అధ్యయనాలను కలిపి 2018లో ఒక విశ్లేషణ వచ్చింది. వాటిలో పాల్గొన్నది 1.7 లక్షల మందికి పైనే. ఒకే విషయాన్ని కాగితం మీద చదివినవాళ్లకు తెర మీద చదివినవాళ్ల కంటే బాగా అర్థమైందని అందులో తేలింది. ముఖ్యంగా పాఠాల్లాంటి సమాచారం చదివేటప్పుడు, టైం తక్కువ ఉన్నప్పుడు ఈ తేడా ఎక్కువగా కనిపించింది. తెర మీద చదివేటప్పుడు కళ్లు పైపైన పరుగెడతాయి, అంతా అర్థమైపోయిందనిపిస్తుంది.

డిజిటల్ చదువులో ముందున్న స్వీడన్ కూడా 2023లో అచ్చు పుస్తకాలను మళ్లీ తరగతి గదుల్లోకి తేవాలని నిర్ణయించి, వాటికి ప్రత్యేకంగా నిధులు ఇచ్చింది. చదవడం, రాయడం కాగితం మీద.. కదిలేది, తిరిగేది చూపించడం తెర మీద. పని పంచుకుంటేనే రెండూ పనికొస్తాయి.

ఇంట్లో ఒకటే ఫోన్ ఉంటే?

క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలంటే ఫోన్ కావాలి. ఆ ఫోన్ నాన్నతో పాటు పొద్దున్నే పనికి వెళ్లిపోతే, పిల్లాడి పుస్తకంలో కోడ్ వట్టి బొమ్మగానే మిగిలిపోతుంది. అక్కా తమ్ముళ్లు ఇద్దరున్న ఇంట్లో రాత్రి ఫోన్ ఎవరికి ఇస్తారన్నది కూడా ప్రశ్నే.

దేశంలోని గ్రామీణ ప్రాంతాలపై వచ్చిన 'అసర్ 2024' నివేదిక ప్రకారం 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వీళ్లలో ముందు వారంలో చదువు కోసం ఫోన్ వాడింది 57 శాతం. సోషల్ మీడియా కోసం వాడింది 76 శాతం. సొంత ఫోన్ ఉన్నది కూడా అమ్మాయిల కంటే అబ్బాయిలకే ఎక్కువ.

బడుల సంగతికొస్తే, కేంద్రం విడుదల చేసిన యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం 2023-24లో ఇంటర్నెట్ ఉన్న బడులు దేశవ్యాప్తంగా 53.9 శాతం. 2024-25కి అది 63.5 శాతానికి పెరిగింది. అంటే అప్పటికీ దాదాపు ప్రతి మూడు బడుల్లో ఒకదానికి నెట్ లేదు.

పాఠం ఎవరిది?

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటుంది. పాఠ్యపుస్తకం ప్రభుత్వానిది. అన్న చదివింది తమ్ముడికి పనికొస్తుంది. డిజిటల్ పాఠం మాత్రం ఎవరు తయారుచేశారు, హక్కులు ఎవరివి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏపీ ట్యాబ్‌లలో వేసి ఇచ్చిన పాఠాలు బైజూస్ సంస్థవి. 2022 జూన్‌లో ప్రభుత్వం ఆ సంస్థతో ఒప్పందం చేసుకుంది. రెండేళ్లు తిరగకముందే, ఆ కంపెనీ తీవ్రమైన ఆర్థిక ఇబ్బందుల్లో పడింది. 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

సిలబస్ మారితే ఆ వీడియోలు ఎవరు మార్చాలి? ట్యాబ్ పాడైతే ఎవరు బాగుచేయాలి? పంపిణీ రోజు ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు. మూడో ఏడాది అడగక తప్పదు. ప్రైవేటు కంపెనీ పాఠాలు వాడినా, ప్రభుత్వం చేతిలో సొంత పాఠాలు కూడా ఉండాలన్న వాదనకు బలం ఇక్కడే వస్తోంది. దీక్ష, టీ-శాట్ లాంటి ప్రభుత్వ వేదికల విలువ కూడా ఇదే.

తల్లిదండ్రులు చేయదగినవి

- ఫోన్ ఇంట్లో ఉండే టైంలోనే వారానికి సరిపడా పాఠాలు దీక్షలో డౌన్‌లోడ్ చేసి పెట్టండి. తర్వాత నెట్ ఆపేసి ఇస్తే పిల్లలు వేరే యాప్‌లలోకి వెళ్లడం తగ్గుతుంది.
- వీడియో అయ్యాక ఫోన్ పక్కన పెట్టించి, ఏం అర్థమైందో సొంత మాటల్లో చెప్పమనండి. మీకు చదువు రాకపోయినా వినొచ్చు. తడబడిన చోటే తెలియని చోటు.
- లెక్కలు, రాత పని నోట్‌బుక్‌లోనే చేయించండి.
- అమ్మాయికీ అబ్బాయికీ ఫోన్ సమయం సమానంగా పంచండి.
- పేరెంట్-టీచర్ మీటింగ్‌కు వెళ్తే 'స్కూల్లో స్క్రీన్ ఉందా' అని అడిగి ఊరుకోవద్దు. 'మా పిల్లాడు ఏ పాఠం దగ్గర ఆగాడు?' అని అడగండి.

ఆ ప్రశ్నకు జవాబు సాఫ్ట్‌వేర్ లెక్కల్లో దొరకొచ్చు, టీచర్ గమనింపులో దొరకొచ్చు. కానీ నలభై మంది పిల్లల్లో ఎవరికి ఏం అర్థం కాలేదో చూసి, పక్కన కూర్చుని మళ్లీ చెప్పాల్సింది మాత్రం మనిషే. ట్యాబ్‌లు కొన్నంత శ్రద్ధగా ఆ టీచర్‌కు శిక్షణ, సమయం ఇచ్చినప్పుడే పుస్తకంలోని ఆ చిన్న కోడ్‌కు అర్థం.