గేర్ బాక్స్ నూనె ఏం చెబుతుంది?

2024 ఆగస్టు 31 రాత్రి, మర్నాడు కురిసిన వానకు మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు కట్ట కోసుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఆకేరు పొంగి రోడ్ల మీదికి వచ్చింది. అలాంటి వరదలో మునిగిన కారును చూడగానే ఇంజన్‌లోకి నీళ్లు పోయాయా అని అడుగుతారు గానీ గేర్ బాక్స్ సంగతి ఎవరికీ గుర్తు రాదు. నిజానికి దానికి నీళ్లు తాగే దారి ఉండనే ఉంటుంది. లోపలి గాలి వేడెక్కి ఉబ్బినప్పుడు బయటికి పోవడానికి పైన బ్రీదర్ అనే సన్నటి గొట్టం పెడతారు. అప్పటిదాకా పరుగెత్తి వేడిమీదున్న గేర్ బాక్స్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, అదే గొట్టం నీళ్లను లోపలికి పీలుస్తుంది. ఆటోమేటిక్ బండిలో ఆ తడి క్లచ్ ప్లేట్ల మీద అతికించిన పొరను మెల్లగా ఊడదీస్తుంది. కొన్నాళ్లు బాగానే నడిచి తర్వాత జారడం మొదలయ్యేది అందుకే. కాబట్టి ఇంటి దగ్గర గేర్ బాక్స్ నూనె దించే డ్రెయిన్ బోల్టు విప్పడాన్ని రిపేరుగా కాక రక్తపరీక్షగా చూడాలన్నది నా వాదన. రోగం తెలుస్తుంది, అంతే. మునిగిన బండినైతే ఆ పరీక్ష అయ్యేదాకా స్టార్ట్ కూడా చేయకూడదు.

అయితే పరీక్షకు ముందు అది ఏ రకం గేర్ బాక్సో తెలియాలి. మన దగ్గర ఆటోమేటిక్ అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు యంత్రాలు నడుస్తున్నాయి. 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏఎంటీ అసలుకు మాన్యువల్ గేర్ బాక్సే. క్లచ్ తొక్కే కాలు, గేరు మార్చే చెయ్యి బదులు ఒక యాక్చువేటర్ ఉంటుంది. దాంట్లో పోసేది మామూలు గేర్ ఆయిల్. అది గేరు పడక మొరాయిస్తే తప్పు చాలాసార్లు యాక్చువేటర్‌దో, అరిగిన క్లచ్‌దో అవుతుంది. నూనె తీస్తే ఒరిగేదేమీ లేదు. టార్క్ కన్వర్టర్ ఉన్న బండికి ఏటీఎఫ్ అనే ఎర్ర నూనె, బెల్టుతో నడిచే సీవీటీకి దాని సొంత నూనె, రెండు క్లచ్‌లున్న డీసీటీకి మరొకటి. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టుకు పట్టు తప్పుతుంది. దుకాణంలో అన్నింటికీ ఇదే పనికొస్తుందంటూ ఇచ్చే డబ్బా కన్నా బండితో వచ్చిన పుస్తకంలోని ఒక్క లైనును నమ్మడం మేలు.

ఇక బోల్టు దగ్గరికి. ముందు విప్పాల్సింది నూనె పోసే పై బోల్టు. అది తుప్పుపట్టి బిగుసుకుపోయిందన్న సంగతి కింద నూనె మొత్తం కారిపోయాక తెలిస్తే బండి అక్కడే ఉండిపోతుంది. ఇంజన్ బోల్టును గేర్ బాక్స్ బోల్టు అనుకుని విప్పేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఇంజన్‌ను ఎండగట్టి, గేర్ బాక్స్‌లో రెండింతలు నింపుతారు. దిగిన నూనెను తెల్లటి పళ్లెంలో కొంచెం తీసుకుని పగటి వెలుతురులో చూడాలి. ఏటీఎఫ్ అయితే కొత్తగా ఉన్నప్పుడు చెర్రీ పండు రంగు. గోధుమ రంగుకు తిరిగితే వయసు మీద పడిందని. నల్లబడి మాడిన వాసన కొడితే క్లచ్ ప్లేట్లు కాలాయని. స్ట్రాబెర్రీ పాలలా గులాబీ రంగులో చిక్కగా ఉంటే నీళ్లు కలిశాయి. వరద చూడని బండిలోనూ ఈ రంగు కనబడొచ్చు, ఎందుకంటే చాలా బండ్లలో గేర్ నూనెను చల్లబరిచే గొట్టాలు రేడియేటర్ లోపలి నుంచే పోతాయి. అక్కడ చిల్లు పడితే కూలెంట్ ఇటు వస్తుంది. బోల్టుకు అయస్కాంతం ఉంటే దానికి కాటుకలా మెత్తటి బూడిదరంగు ముద్ద అంటడం సహజమే, కంగారు పడక్కర్లేదు. వేలికి గుచ్చుకునే పలుకులు తగిలితే మాత్రం కొత్త నూనె కొనే డబ్బు దండగ.

జీవితకాలం మార్చక్కర్లేని నూనె అని కంపెనీయే చెబుతుంటే ఎందుకీ తంటా అనొచ్చు. కానీ దుమ్ము, ఎండ, బరువు లాగడం ఉన్నచోట నూనె త్వరగా చెడుతుందన్నది యంత్రశాస్త్రం. మే నెలలో మరిపెడ, తొర్రూరు రోడ్ల మీద తిరిగే బండికి ఆ మూడూ తప్పవు. పాత బండికి కొత్త నూనె పోస్తే గేర్ బాక్స్ పోతుందన్న మాట ఇంకో రకం. ఇందులో కొంత నిజముంది: అప్పటికే జారుతున్న బండికే చాలామంది నూనె మారుస్తారు, అది ఎలాగూ పోయేదే, నింద నూనె మీద పడుతుంది. ఇంట్లో తీస్తే సగమే వస్తుంది కదా అన్న అభ్యంతరం కూడా సరైనదే. టార్క్ కన్వర్టర్ బండిలో బోల్టు దగ్గర దిగేది మొత్తంలో మూడో వంతు నుంచి సగం దాకానే, మిగతాది కన్వర్టర్‌లో ఉండిపోతుంది. కానీ పరీక్షకు ఆ సగం చాలు. వరంగల్‌లోని మెకానిక్ దాకా బండిని నడపాలా, లారీ ఎక్కించాలా అన్నది అదే తేలుస్తుంది. హెచ్చరిక లైటు వెలిగితే స్కానర్ పెట్టాలన్నది కూడా ఒప్పుకోవాల్సిందే, కాకపోతే పీ0700 అన్న కోడ్ గేర్ బాక్స్ కంప్యూటర్‌లో ఏదో తప్పు నమోదైందని మాత్రమే చెబుతుంది, ఆ తప్పేమిటో చెప్పదు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ప్రాణాలది. బండితో వచ్చే కత్తెర జాకీ టైరు మార్చడానికే. దాన్ని నమ్మి కిందికి దూరకూడదు. గట్టి నేల మీద, రెండు స్టాండ్ల మీద బరువు ఆనించాకే దూరాలి. మట్టి నేలైతే స్టాండు దిగబడుతుంది. లివర్ పీలో ఉందిగా అన్న ధైర్యం మరీ ప్రమాదం: ముందు చక్రాలతో నడిచే బండిలో పీ ముందు చక్రాలనే పట్టి ఉంచుతుంది. ఒక ముందు చక్రం గాల్లోకి లేస్తే అది వెనక్కు తిరుగుతూ, నేల మీదున్న రెండో చక్రాన్ని ముందుకు పోనిస్తుంది. డిఫరెన్షియల్ పని తీరే అంత. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెడితేనే బండి నిలుస్తుంది. దూరం నడిచొచ్చిన బండి నూనె చర్మాన్ని కాల్చేంత వేడిగా ఉంటుంది, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి.

దిగిన నూనెను కొలిచి అంతే పోయాలంటారు. నూనె కారే బండికి ఆ కొలతా తప్పే, ఎందుకంటే దిగిందే తక్కువ. మట్టం చూడడం పద్ధతి ప్రకారం జరగాలి. కొన్ని రకాల్లో ఇంజన్ నడుస్తుండగా, నూనె 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు పక్క బోల్టు విప్పి చూస్తారు. స్కానర్ లేకుండా ఆ వేడిని అంచనా వేయలేం గనుక ఈ పని మెకానిక్‌కు వదిలేయాలి. పాత నూనెలో ఒక గ్లాసెడు గాజు సీసాలో పోసి, బండి తిరిగిన కిలోమీటర్లు దాని మీద రాసి ఆయన చేతికివ్వాలి. మిగతాది మూత గట్టిగా ఉన్న డబ్బాలో పాత నూనె కొనేవాళ్ల దగ్గరికి పంపాలి. మోరీలో పోస్తే వానాకాలంలో అది చేరేది చెరువుకే.