కందూరుకు డబ్బు కుదిరేదాకా పిల్లోడి జుట్టు ఆగాల్నా?

జూపాడు బంగ్లా, నందికొట్కూరు, ఆత్మకూరు వైపు మూడు నాలుగేళ్లొచ్చినా భుజాలు దాటే జుట్టుతో తిరిగే మగపిల్లలు కొందరు కనిపిస్తారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలోనూ, దూదేకుల ఇళ్లలోనూ ఈ ఆచారం ఉంది. బిడ్డకు జబ్బు చేసినప్పుడు దాదీనో నానీనో దర్గాకు మొక్కుకుంటారు. కందూరు చేసి, అక్కడే జుట్టు తీయిస్తామంటారు.

చిక్కంతా ఖర్చు దగ్గరే. పొట్టేలు, బియ్యం, బండి బాడుగ, బంధువుల భోజనాలు. ఒక ఏడు వాన లేదు, ఇంకో ఏడు పంటకు ధర లేదు. కందూరు వాయిదా పడుతుంది, దాంతోపాటు జుట్టూ ఆగిపోతుంది. ఎండాకాలం చెమటకు సెగ్గడ్డలు, పేలు, చిక్కులు. బడికి పోతే తోటి పిల్లల ఎగతాళి. భరించేది బిడ్డే.

దీన్‌లో ఏముంది?

అఖీఖా నాడు, అంటే ఏడో రోజున, పుట్టువెంట్రుకలు తీసి, వాటి బరువుకు సరిపడా వెండి సదఖా ఇవ్వడం ఉంది. హజ్రత్ హసన్ (రజి) పుట్టినప్పుడు ప్రవక్త ముహమ్మద్ (స) హజ్రత్ ఫాతిమా (రజి)కు అలాగే చెప్పారని తిర్మిజీలో ఉంది. ఆ జుట్టు ఒక దిర్హమో, అంతకన్నా తక్కువో తూగిందట. దిర్హం అంటే సుమారు 3 గ్రాముల వెండి. ఒక పొట్టేలు ధరతో పోల్చి చూడండి, ఎంత తేడానో తెలుస్తుంది.

తలలో కొంత గొరిగి కొంత వదిలేయడాన్ని ప్రవక్త (స) వద్దన్నారని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. కాబట్టి మొక్కు పేరుతో ఒక పిలక ఉంచి మిగతాది గొరిగించడం సరికాదు. తలంతా సమానంగా పొట్టిగా కత్తిరించొచ్చు, పూర్తిగా గుండైనా చేయించొచ్చు.

క్రీ.శ. 629లో ముఅతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) షహీదయ్యారు. మూడు రోజుల తర్వాత ప్రవక్త (స) ఆయన పిల్లల్ని పిలిపించి, మంగలిని రప్పించి తలలు గొరిగించారని అబూదావూద్‌లో ఉంది. అక్కడ విందు లేదు, ప్రయాణం లేదు. తండ్రి లేని పిల్లల్ని పట్టించుకోవడమే ఉంది.

పెద్దలకు ఎలా చెప్పాలి?

దాదీ భయాన్ని నవ్వి కొట్టేయొద్దు. బిడ్డ దక్కాలనే ఆమె మొక్కుకుంది. దర్గా మొక్కుల మీద ఉలమాల మధ్య వేర్వేరు అభిప్రాయాలున్నాయి. ఆమె ఏమని మొక్కుకుందో ఇమాం సాబ్‌కు చెప్పి, ఆమె ఎదుటే అడగండి. జుట్టు తీయించడం ఒక పని, కందూరు ఇంకో పని అని ఆయన నోట వింటే ఆమె మనసు కుదుటపడొచ్చు.

కత్తిరించే రోజు

ముందురోజు నూనె రాసి చిక్కు తీయండి. తలలో పుండ్లు, చీము ఉంటే మొదట డాక్టరుకు చూపించండి. బిడ్డను తెలిసినవాళ్ల ఒళ్లో కూర్చోబెట్టి, కత్తెరతో పొడుగు తగ్గించాకే మిషన్ పెట్టించండి. గుండు చేయిస్తే బ్లేడు కొత్తదై ఉండాలి. ఒకరికి వాడింది ఇంకొకరికి వాడితే హెపటైటిస్-బి లాంటివి అంటుకోవచ్చు.

పుట్టువెంట్రుకలు ఇన్నాళ్లూ తీయకుండా ఉంటే, సదఖా ఇప్పుడైనా స్తోమతను బట్టి ఇవ్వొచ్చు. అది ఫర్జ్ కాదు. చేతిలో డబ్బు లేదని బిడ్డ తలను మాత్రం ఇంకో ఎండాకాలం ఆపొద్దు.