అల్పవ్యయముతో వియత్నాం యాత్ర

విదేశయాత్ర తలపెట్టిన విద్యార్థి మొదట విమానపు ధర విచారించుట పరిపాటి. మొదట పటము చూడవలెనని మేమందుము. వియత్నాం ఉత్తరదక్షిణములుగా సాగిన సన్నని దేశము. కనుక హనోయిలో దిగి, సైగానని నేటికిని పిలువబడు హో చి మిన్ నగరమున మరల విమానమెక్కినచో, వెళ్లిన దారినే తిరిగివచ్చు ఖర్చు తప్పును. 90 దినముల వరకు చెల్లు ఏకప్రవేశపు ఈ-వీసా రుసుము 25 డాలర్లు.

ఆ రెండు నగరములను కలుపు రైలుమార్గము 1,726 కిలోమీటర్లు. 1936లో పూర్తియై, 1954లో దేశముతోపాటు తెగి, 1976 చివర పునరుద్ధరింపబడినది. రాత్రిపూట పడక టిక్కెట్టు కొన్ననాడు బస అద్దె ఉండదు. కూర్చుండు తరగతి ఇంకను చౌకయే. కాని నిదుర చెడి మరునాటి పగలు వ్యర్థమైనచో అది పొదుపు కాదని మా మతము. హుయే నుండి దనాంగ్ వరకు మాత్రము పగలే పోవలెను. హై వాన్ కనుమ వద్ద రైలు సముద్రపుటంచున సాగును.

కాలనిర్ణయమే కష్టము. మధ్యతీరమున అక్టోబరు, నవంబరులు వానలకు, వరదలకు పేరుపడినవి. మన దసరా సెలవులు ఇంచుమించు అప్పుడే! మార్చి మేలైనదే, కాని పరీక్షలో? టెట్ అను చాంద్రమాన సంవత్సరాదికి రైళ్లు కిక్కిరియును. కనుక వేసవియే మిగులును: మధ్యతీరమున పొడి ఎండ, దక్షిణమున జల్లులు.

హలాల్ భోజనము కోరువారికి కొంత చిక్కు కలదు. పందిమాంసము అచట సర్వసామాన్యము. సైగానులో 1935లో దక్షిణభారత ముస్లిములు నిర్మించిన మసీదు పరిసరములలో హలాల్ భోజనశాలలున్నవి. తక్కినచోట్ల ‘చాయ్’ అను బోర్డు వెదకవలెను. చాయ్ అనగా అచట తేనీరు కాదు, శాకాహారము.