డేటాబేస్: పాత లెక్కలు అటకెక్కాలి.. కానీ సర్వీస్ ఆగొద్దు! ఇదెలా సాధ్యం?

యూపీఐ లావాదేవీలు 2023 ఆగస్టులో ఒక్క నెలలోనే 1000 కోట్లు దాటాయి. ప్రతి పేమెంట్‌కూ ఎక్కడో ఒక డేటాబేస్‌లో ఓ వరుస చేరుతుంది. ఆ వరుసను అవసరం తీరగానే చెరిపేయడం కుదరదు. మనీలాండరింగ్ నిరోధక చట్టం ప్రకారం బ్యాంకులు లావాదేవీల రికార్డులను ఐదేళ్లు భద్రపరచాలి. కస్టమర్ చూసేవి మాత్రం మహా అయితే నిన్నమొన్నటివి. నాలుగేళ్ల కిందటి రీఛార్జ్ లెక్క కోసం ఖరీదైన ఎస్‌ఎస్‌డీలో చోటు కేటాయించడం దండగే కదా! అందుకే పాత డేటాను చవకైన, నెమ్మదిగా నడిచే డిస్కుల మీదికి మారుస్తారు. రోజూ వాడని గంగాళాలను అటక మీద పెట్టినట్టే.

మరి ఇబ్బందేంటి? అర్ధరాత్రి కూడా పేమెంట్లు ఆగవు. షాపు మూయకుండానే సరుకు సర్దాలి.

చాలామంది వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌నే తీసుకుందాం. టేబుల్‌ను వేరే డిస్కుకు మార్చడానికి అందులో ఒక్క లైన్ కమాండ్ చాలు. కానీ కాపీ పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌కు తాళం పడుతుంది. రాయడమే కాదు, చదవడం కూడా కుదరదు. టేబుల్ పెద్దదైతే యాప్‌లో గుండ్రం అలా తిరుగుతూనే ఉంటుంది.

అందుకే టేబుల్‌ను ముందుగానే నెలవారీ ముక్కలుగా, అంటే పార్టిషన్లుగా విడగొట్టుకోవాలి. 2017లో వచ్చిన వెర్షన్ 10 నుంచి ఈ సదుపాయం నేరుగా ఉంది. తర్వాత నెమ్మది డిస్కు మీద అచ్చం పాత ముక్కలాంటి కొత్త టేబుల్ పెట్టి, డేటాను కొద్దికొద్దిగా కాపీ చేస్తారు. ఒక్కసారిగా తోస్తే స్టాండ్‌బై సర్వర్లు వెనకబడతాయి. ఇండెక్సులు కట్టి, రెండు వైపులా వరుసల సంఖ్య, సొమ్ము మొత్తం సరిచూస్తారు. ఈలోపు ఏదో రీఫండ్ వచ్చి పాత వరుస మారితే? ట్రిగ్గర్ పెట్టి ఆ మార్పును పట్టుకోవాల్సిందే.

ఇక మిగిలింది మార్పిడి. ఒకే ట్రాన్సాక్షన్‌లో పాత ముక్కను ఊడదీసి కొత్తదాన్ని తగిలిస్తారు. కొత్త టేబుల్‌కు తేదీల హద్దును ముందే చెక్ నిబంధనగా పెట్టి ఉంచితే, డేటాబేస్ మళ్లీ వరుసలన్నీ తిరగేయదు. పని క్షణంలో అయిపోతుంది. టేబుల్‌ను పూర్తిగా ఆపకుండా ఊడదీసే పద్ధతి 2021 నాటి వెర్షన్ 14లో వచ్చింది కానీ, అది ట్రాన్సాక్షన్ లోపల నడవదు. మధ్యలో కాసేపు ఆ నెల డేటా కనిపించకుండా పోతుంది.

అసలు గండం ఇక్కడే! అదే సమయంలో ఎవరో పెద్ద రిపోర్ట్ నడుపుతున్నారనుకోండి. మార్పిడి కమాండ్ దాని వెనక ఆగుతుంది. కమాండ్ వెనక ప్రతి పేమెంటూ క్యూ కడుతుంది. టోల్‌గేట్‌లో లారీ ఆగితే వెనక బండ్లన్నీ ఆగినట్టు. దీనికి మందు లాక్ టైమౌట్. రెండు సెకన్లలో తాళం దొరక్కపోతే కమాండే తప్పుకుంటుంది. కాసేపాగి మళ్లీ ప్రయత్నించొచ్చు.

పాత కాపీని కూడా అప్పుడే చెరిపేయరు. కొన్నాళ్లు పక్కన ఉంచుతారు.

చవక డిస్కు కదా అని దాన్ని గాలికొదిలేస్తే మాత్రం మొదటికే మోసం. అది పాడైతే పోయేది పాత డేటా ఒక్కటే కాదు. ఒక టేబుల్‌స్పేస్ పోతే మొత్తం డేటాబేస్ సర్వరే స్టార్ట్ కాకపోవచ్చని పోస్ట్‌గ్రెస్ అధికారిక డాక్యుమెంటేషన్ హెచ్చరిస్తోంది. కాబట్టి అటక మీది డిస్కుకూ బ్యాకప్, నిఘా కింద ఉన్నవాటితో సమానంగానే ఉండాలి.