గొట్టం ఎంచుకునే తూటా

ఒలింపిక్ పతకాలు తేల్చే తూటా మొదట పుట్టింది ఇళ్లల్లో కాలక్షేపానికి. తుపాకుల్లో మందు అంటించడానికి ఆ రోజుల్లో పేలుడు పదార్థం పూసిన చిన్న లోహపు టోపీలు వాడేవారు. 1845లో పారిస్‌కు చెందిన తుపాకుల తయారీదారు లూయీ నికొలా ఫ్లోబేర్ అలాంటి టోపీ మూతికి ఒక సీసపు గుండు బిగించాడు. అందులో తుపాకీమందు లేదు. టోపీ పేలిన ఊపుకే గుండు హాలు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లేది. అతిథులు సరదాగా గురి చూసుకోవడానికి అది చాలు.

రెండో అడుగు అమెరికాలో పడింది. స్మిత్ అండ్ వెసన్ సంస్థ 1857లో తన మొదటి రివాల్వర్ కోసం ఇదే తూటాను పొడుగు చేసి, లోపల కాస్త నల్ల తుపాకీమందు పోసింది. లోహపు కేసు అడుగున చుట్టూ బయటికి పొంగిన అంచు ఉంటుంది. ఆ అంచు లోపలి బోలులో ప్రైమర్, అంటే దెబ్బ తగిలితే పేలే పదార్థం. తుపాకీలోని పిన్ను అంచును నలిపితే ప్రైమర్ పేలి మందు అంటుకుంటుంది. ఈ రకాన్నే రిమ్‌ఫైర్ అంటారు.

అమెరికా అంతర్యుద్ధంలో స్పెన్సర్, హెన్రీ రైఫిళ్లు పెద్ద రిమ్‌ఫైర్ తూటాలనే పేల్చాయి. అయితే ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. అంచు నలగాలంటే లోహం పలచగా ఉండాలి, పలచటి లోహం పెద్ద ఒత్తిడికి ఆగదు. మందు జోరు పెరిగేకొద్దీ బలమైన తుపాకులన్నీ అడుగున నడిమధ్య ప్రైమర్ ఉండే తూటాలకు మారిపోయాయి. చిన్నది మాత్రం నిలిచింది. 1887లో స్టీవెన్స్ కంపెనీ 40 గ్రెయిన్ల, అంటే 2.6 గ్రాముల గుండుతో పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ తూటాను తెచ్చింది. 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో నేటికీ పేలుతున్నది ఇదే. గుండు వ్యాసం సుమారు 5.7 మిల్లీమీటర్లు.

బోయర్ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో సామాన్యులకు గురి నేర్పాలన్న ఉద్యమం లేచి, ఊరూరా చిన్న రైఫిల్ క్లబ్బులు వెలిశాయి. 1908 లండన్ ఒలింపిక్స్‌కల్లా ఈ తూటా పోటీల్లోకి ఎక్కింది. అప్పటి ప్రైమర్‌తో ఒక చిక్కు ఉండేది. అది పేలాక మిగిలే లవణాలు గాలిలోని తేమను పీల్చి గొట్టాన్ని తుప్పు పట్టించేవి. 1920లలో తుప్పు పట్టించని ప్రైమర్లు వచ్చాక గొట్టాల ఆయుష్షు పెరిగింది. ఆ తర్వాత తూటా రూపం పెద్దగా మారలేదు. కథంతా ఒక తూటాకూ ఇంకో తూటాకూ మధ్య తేడాను తగ్గించడం మీదే నడిచింది.

ఆ తేడా విలువెంతో లెక్క వేసి చూద్దాం. పోటీ తూటా సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయల్దేరి, 50 మీటర్ల దూరాన్ని సెకనులో ఆరో వంతు కాలంలో దాటుతుంది. ఆ కాస్త సేపట్లోనే భూమ్యాకర్షణ దాన్ని పన్నెండు సెంటీమీటర్లకు పైగా కిందికి లాగుతుంది. ఇంత కిందికి దిగుతుందని తెలుసు కనుక సైటును దానికి తగ్గట్టు సరిచేసుకుంటారు. ఇప్పుడు ఒక్క తూటా సెకనుకు 10 మీటర్లు నెమ్మదిగా వెళ్లిందనుకోండి. అది మరో 8 మిల్లీమీటర్ల దాకా కిందికి దిగుతుంది. లక్ష్యం మీద ఒక వలయానికీ తర్వాతి వలయానికీ మధ్య దూరం సరిగ్గా 8 మిల్లీమీటర్లు. అంటే షూటర్ తప్పేమీ లేకుండానే దాదాపు ఒక పాయింటు పోయినట్టు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన జోయ్‌దీప్ కర్మాకర్ 50 మీటర్ల ప్రోన్, అంటే బోర్లా పడుకుని కాల్చే పోటీ ఫైనల్లో నాలుగో స్థానంలో నిలిచాడు. కాంస్యానికీ అతనికీ మధ్య దూరం 1.9 పాయింట్లు.

మరి మందు పెంచి వేగం పెంచితే? ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. అంతకంటే జోరుగా బయల్దేరిన గుండు దారిలోనే ఆ వేగం కిందికి పడిపోతుంది, ఆ సంధిలో గాలి దాన్ని కుదుపుతుంది. వేగం ఎక్కువ కాబట్టి పక్కగాలికి తక్కువ కొట్టుకుపోతుందనుకుంటాం, జరిగేది తలకిందులు. ధ్వని వేగం దగ్గర గాలి నిరోధం ఒక్కసారిగా పెరిగి, వేగవంతమైన తూటాయే ఎక్కువ పక్కకు జరుగుతుంది. అందుకే పోటీ తూటాలన్నీ ధ్వనికి కాస్త వెనకే ఉంటాయి.

ఇక తయారీ సంగతి. ఒక్కో తూటాలో పోసే మందు గ్రాములో పదో వంతు కూడా ఉండదు. ప్రైమర్‌ను తడి ముద్దగానే కేసులో వేసి, గిరగిరా తిప్పి అంచులోకి పంపుతారు. ఎక్కడైనా పలచబడితే అక్కడ నిప్పు మందగిస్తుంది. అంచు మందం, గుండు మీద పూసే మైనం, కేసు గుండును పట్టుకునే బిగువు, అన్నీ సమంగా కుదరాలి. ఒకే పిండి, ఒకే బాండీ, ఒకే చెయ్యి అయినా గారెలు వాయికీ వాయికీ తేడాగా వస్తాయి. తూటాల లాట్లూ, అంటే ఒక్కో విడతలో తయారైనవీ, అంతే. అందుకే పేరున్న కంపెనీలు ప్రతి లాట్‌నూ పేల్చి చూసి, పెట్టె మీద లాట్ నంబర్ అచ్చువేస్తాయి. కొన్ని బ్రాండ్లలో ఖరీదైన రకమూ దాని కింది రకమూ ఒకే యంత్రాల మీద తయారవుతాయి. పరీక్షలో బాగా నిలిచినదానికి పెద్ద పేరు, పెద్ద ధర. వాడేసిన రిమ్‌ఫైర్ కేసు అంచు నలిగిపోతుంది కాబట్టి, పెద్ద తుపాకుల షూటర్లలా ఇంట్లో కొలిచి నింపుకునే వీలూ లేదు. తయారైన వాటిలోంచి ఏరుకోవాల్సిందే.

ఏరేది ఎవరు? కొంత కంపెనీ, మిగతాది గొట్టం. తూటా పేలగానే గొట్టం సన్నగా కంపిస్తుంది, మూతి పైకీ కిందికీ ఊగుతుంది. మూతి పైకి లేస్తున్న క్షణంలో గుండ్లు బయటపడితే, కాస్త ఆలస్యంగా వచ్చే నెమ్మది గుండుకు కాస్త ఎత్తైన దారి దొరుకుతుంది. దాని లోటు కొంత పూడుతుంది. ఈ ఊపు ఒక్కో గొట్టానికి ఒక్కో తీరు. లోపలి కొలతల్లోనూ సూక్ష్మమైన తేడాలుంటాయి. అందుకే పక్కవాడి రైఫిల్లో అద్భుతంగా పనిచేసిన లాట్ మీ రైఫిల్లో చెల్లాచెదురు కావచ్చు.

తూటాల కంపెనీలైన ఎలీ బర్మింగ్‌హామ్‌లో, లాపువా జర్మనీలోని షోనెబెక్‌లో ఇందుకోసమే పరీక్షా కేంద్రాలు నడుపుతున్నాయి. షూటర్ తన రైఫిల్‌ను తీసుకెళ్తే, గొట్టాన్ని కదలని బిగింపులో పెట్టి, లాట్ తర్వాత లాట్ పేల్చి కొలుస్తారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల త్రీ పొజిషన్స్ కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలే పోటీపడింది ఈ పాయింట్ టూ టూ తూటాతోనే. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ రజతం తెచ్చిన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పేల్చిందీ ఇదే పాయింట్ టూ టూ.

ఆ పరీక్షా కేంద్రాల దాకా వెళ్లలేని క్లబ్బు షూటర్‌కూ పద్ధతి అదే. ధ్వని కంటే తక్కువ వేగం గల నాలుగైదు రకాలు తీసుకోండి. గాలి లేని పొద్దున, రైఫిల్‌ను ఆనించి, 50 మీటర్ల దగ్గర పేల్చండి. రకం మార్చినప్పుడల్లా గొట్టంలో పాత మైనం పోయి కొత్తది పట్టేదాకా కొన్ని తూటాలను లెక్కలోకి తీసుకోకండి. ఆ తర్వాత పదేసి తూటాల గ్రూపులు కొన్ని కాల్చండి. ఐదు తూటాల గ్రూపు ఒకటి ముచ్చటగా వచ్చిందని మురిసిపోతే మోసపోతారు, ఐదింటికి అదృష్టం సరిపోతుంది. చూడాల్సింది అన్నిటికంటే మంచి గ్రూపును కాదు, అన్నిటికంటే చెడ్డదాన్ని. పోటీలో పాయింట్లు పోయేది ఆ తూటాల దగ్గరే. తూటాలను తూచడం, అంచు మందం కొలవడం వంటి పనుల మీద పెట్టే సమయం పరీక్ష మీద పెడితే ఎక్కువ ఫలితం.

ఖరీదైన పెట్టె కొంటే మంచి లాట్ దొరికే అవకాశం పెరుగుతుంది, హామీ మాత్రం రాదు. మీ గొట్టం ఒప్పుకున్న లాట్ దొరికితే, పోటీల సీజనంతటికీ సరిపడా అదే నంబర్‌వి అప్పుడే కొనిపెట్టుకోవాలి. సాధనకు చవక రకం వాడుకోవచ్చు. ఆ లాట్ అయిపోయాక అదే కంపెనీ, అదే పేరు, అదే ధర పెట్టె తెచ్చుకున్నా, కొత్త నంబర్ ఉంటే పరీక్ష మళ్లీ మొదటి నుంచీ చేయాల్సిందే.