అప్లై నొక్కాక సేవ్ ఎందుకు?

పలక మీద లెక్క చేసి, నోట్‌బుక్కులోకి ఎక్కించకుండానే తుడిచేస్తే ఏమవుతుంది? ఎమ్యులేటర్‌లో సెట్టింగులు సేవ్ చేయకపోయినా అంతే.

హార్డ్‌వేర్ ఎమ్యులేటర్ అంటే, ఇంకా తయారు కాని చిప్ ఎలా పనిచేస్తుందో ముందే నడిపి చూపించే యంత్రం. చిప్‌ను ఫ్యాక్టరీకి పంపకముందే ఇంజినీర్లు దీని మీద తప్పులు పట్టుకుంటారు. ఎమ్యులేటర్ సెట్టింగులు మార్చి ‘అప్లై’ నొక్కగానే మనం ఇచ్చిన విలువలు అమల్లోకి వస్తాయి. కానీ అవి సాధారణంగా ఉండేది కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే మెమరీలో. కరెంటు పోతే అవీ పోతాయి. ‘సేవ్’ నొక్కితే ఫ్లాష్ మెమరీలోకో, డిస్కులోని ఫైల్లోకో చేరతాయి. ఫ్లాష్‌లో ఎలక్ట్రాన్లు కరెంటు పారని పొరల మధ్య చిక్కుకుని, ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి.

మరి రెండు బటన్లెందుకు? ముందు వేసి చూసి, బాగుంటేనే దాచుకోవడానికి. విలువ తప్పయితే ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలు, పాతదే తిరిగొస్తుంది. ఎంత మంచి ఏర్పాటు!

ఇలా చెరగకుండా దాచుకోవడం కొత్తేమీ కాదు, మగ్గాల్లో ఎప్పటినుంచో ఉంది. మగ్గం మీద బిగించే జకార్డ్ అనే పరికరం 1804 నాటి ఫ్రాన్స్ ఆవిష్కరణ. పాత జకార్డ్‌లో డిజైన్ అంతా అట్టల మీద రంధ్రాలుగా ఉంటుంది. రంధ్రం ఉన్నచోట సూది దూరి పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. మగ్గం ఆగినా అట్ట మీది డిజైన్ చెరగదు.

మీ ఇంటి వైఫై రూటర్‌లో ఏదైనా మార్చినప్పుడు, సేవ్ నొక్కారో లేదో ఒక్కసారి చూసుకోండి.