ధాత కరువులో దాతలు

పత్తికొండ టమాటా మార్కెట్ దగ్గర టీ బంకులో కూర్చుంటే ఎండాకాలంలో ఈ మాట వినబడక తప్పదు: “ఆ కాలంలో బుడ్డా వెంగళరెడ్డి ఒక్కడే ఊళ్లకు ఊళ్లు సాకినాడు. సర్కారు ఏం పెట్టింది? ఇప్పుడు ఊరికే పంచి జనాన్ని సోమరులను చేస్తాండారు.”

వింటే నాకు ఒళ్లు మండుతుంది. వెంగళరెడ్డి మీద కాదు. 1866 కరువులో ఉయ్యాలవాడలో ఆయన వేలమందికి అంబలి పోయించాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది, జనం ఆయన మీద పాటలు కట్టుకున్నారు. ఆ పాటలకు ఆయన తగినవాడే. నా గొడవంతా ఆ పాటను లెక్కల పుస్తకంలా చదివేవాళ్లతో.

సరిగ్గా పదేళ్లకు ధాత కరువొచ్చింది. ధాత అంటే దాత కాదు, 1876-77లో నడిచిన తెలుగు సంవత్సరం పేరు. పలుకుబడిలో రెండూ ఒకటే కాబట్టి మా అవ్వ చెబుతుంటే “దాతలు లేని కరువేమో” అనుకునేవాణ్ణి. దాతలు అప్పుడూ ఉన్నారు. అయినా 1871 జనాభా లెక్కల్లో 9 లక్షల 14 వేలున్న కర్నూలు జిల్లా 1881కి 6 లక్షల 78 వేలకు పడిపోయింది. వలస పోయినవాళ్లను తీసేసినా మిగిలేది చిన్న లెక్క కాదు.

ఎందుకిలా అయింది? మా సీమ జొన్న పాతరను తలచుకుంటే అర్థమవుతుంది. నేలలో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి వేసి, జొన్నలు నింపి, పైన మట్టితో మూసేవాళ్లు. లోపలి గింజలు గాలి పీల్చుకుని ప్రాణవాయువును ఖర్చు చేస్తాయి, బొగ్గుపులుసు వాయువు నిండుతుంది, పురుగు చస్తుంది. మందూ మాకూ లేని గిడ్డంగి! అందుకే మూత తీసిన వెంటనే మనిషి దిగకూడదు. ముందు దీపం దించి చూడాలి, ఆరిపోతే ఆగాలి. అంచుల్లోని గింజ నల్లబడి ముక్కవాసన కొడుతుంది, నడిమి గింజ మాత్రం నిక్షేపం. పాతర గురించి మొదలుపెడితే నాకు ఆపడం చేతకాదు గానీ, చెప్పవలసింది ఒక్కటే: పాతరలోకి గింజ వచ్చేది ఊరి పొలం నుంచే. వాన ఎగ్గొడితే కూలివాడి చెలకా, రెడ్డి చేనూ ఒకే నెలలో ఎండుతాయి. అడిగే చేతులు పదింతలైన ఏడాదే పెట్టే చెయ్యి వెలితి పడుతుంది. దాత మనసు ఎంత పెద్దదైనా ఆయన పొలం మీదా అదే ఆకాశం. మొదటి ఏడాది పాతర ఆదుకుంటుంది, రెండో ఏడాదికి అడుగు కనిపిస్తుంది. వాన కోసం విరాటపర్వం చదివించినా, కప్పలకు పెళ్లి చేసినా ఆ అడుగు పైకి లేవదు.

సర్కారు సాయం బావి లాంటిది. దాని ఊట ఎక్కడో ఉంటుంది, వాన పడిన చోటి పన్ను ఎండిన చోటికి చేరుతుంది. పత్తికొండకు ఈ పోలిక కొత్తేమీ కాదు. 1827 జూలై 6న గవర్నరు థామస్ మన్రో ఇక్కడే కలరాతో పోతే, ఆయన గుర్తుగా సర్కారు తోట వేయించి రాతి మెట్ల కోనేరు కట్టించింది. అయితే బావికి చేద కావాలి, తాడు కావాలి, తోడే మనిషికి బుద్ధీ ఉండాలి. ధాతలో తెగింది ఆ తాడే. సర్కారు అధికారి రిచర్డ్ టెంపుల్ అంతకుముందు బీహారు కరువులో ధారాళంగా ఖర్చుపెట్టి, జనాన్ని బతికించి, దుబారా చేశాడని తిట్లు తిన్నాడు. మద్రాసుకు వచ్చాక ఆ మచ్చ కడుక్కోవాలనుకున్నాడు. రోజంతా రాళ్లు కొట్టే మగమనిషికి పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన కాసిని చిల్లర అన్నాడు. ఇది చాలదని ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ పోట్లాడాకే కూలి పెరిగింది. అప్పటికి చాలామందికి సమ్మెట ఎత్తే ఓపిక పోయింది.

మరి దానం దండగా? కాదు. 1877లో లండన్ నగర మేయరు చందాల పిలుపిస్తే లక్షల పౌండ్లు పోగయ్యాయి. అది మన ఆకాశం కింది పాతర కాదు కాబట్టి దాని అడుగు అంత త్వరగా కనబడలేదు. సర్కారు గంజీ కూలీ చూసుకుంటుంటే ఆ డబ్బు వేరే దారి పట్టింది. వాన పడ్డాక రైతుకు విత్తనం, ఎద్దులు, ఇంటికి కప్పు. తిండి పెట్టినంత మాత్రాన మడక కదలదని ఆ కమిటీకి తెలిసింది. టీ బంకులో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. పాట కట్టడానికి పనికిరాదు కదా.

ధాత దెబ్బకు 1880 కరువు కమిషన్, ఆ వెనుక సర్కారు సాయానికి నియమాలు పెట్టిన కరువు కోడ్ వచ్చాయి. కోడ్‌లో పని ఉంది గానీ, పని అడిగే హక్కు కూలికి లేదు. ఉపాధి హామీ చట్టంతో ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మన పక్క జిల్లా అనంతపురం బండ్లపల్లిలోనే మొదలైంది. పని అడిగిన 15 రోజుల్లో చూపకపోతే భృతి ఇవ్వాలని ఆ చట్టంలో రాశారు. దాత ముందు చెయ్యి చాచడానికీ దీనికీ తేడా ఒక చిన్న కాగితంలో ఉంది, అది పని అడిగినట్టు తేదీ వేసి ఇచ్చే రసీదు. రసీదు లేకపోతే ఆ 15 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో ఎవరు చెబుతారు?

సుగ్గికి, అంటే కోతల వలసకు, గుంటూరు మిరపచేలకు పోయే ఒక జంటను ఓసారి బస్టాండులో అడిగాను, “రసీదు తీసుకున్నారా?” అని. ఆయన సంచి భుజాన వేసుకుంటూ ఆమె వైపు చూశాడు. “అడిగితే ఇస్తారా అన్నా, అది?” అంది ఆమె.